చొక్కా తొడుక్కున్న మిక్సీ

ఆ రోజుకి లైబ్రేరియన్‌గారు పెట్టుకున్న పని ఒక్కటే: ఏమీ చేయకుండా కూర్చోవడం.

పదిన్నరకి కోడలికి పెద్ద మీటింగు ఉంది. ఆమెది ఇంట్లోంచే చేసే ఉద్యోగం. కంపెనీ పైవాళ్లందరూ ఆ రోజు కంప్యూటరు తెర మీదికి వస్తారట, ఆర్నెల్లుగా తను చేసిన పనంతా వాళ్లకి అరగంటలో చెప్పాలట. "మావయ్యగారూ, మీటింగు అయ్యేదాకా మీరు హాయిగా పేపరు చదువుకోండి. టీ ఫ్లాస్కులో పోసిపెట్టాను. దేనికీ లేవక్కర్లేదు" అని ఎంతో మర్యాదగా చెప్పింది. మర్యాద తీసేస్తే ఆ మాటకి అర్థం దేన్నీ ముట్టుకోవద్దని. ఆయనకి ఆ మాత్రం తెలిసింది. పేపరు తెరిచి కుర్చీలో స్థిరపడ్డాడు. రిటైరైన మనిషికి ఇంతకంటే తేలికైన పని ఎవరూ అప్పజెప్పలేరు. దాన్ని కూడా ఆయన పాడుచేశాడు.

కోడలు అంత జాగ్రత్తగా చెప్పడానికి కారణం ఉంది. ఆ ఇంట్లో కరెంటుతో నడిచే ప్రతి వస్తువుకీ కవరుంది. అన్నీ ఆయన భార్య కుట్టినవి. ఆవిడ పోయిన ఏడాది కన్నుమూసింది. ఏదో ఒక గుడ్డ కప్పేసి ఊరుకునే రకం కాదావిడ. టేపు పెట్టి కొలతలు తీసుకుని, చంకల దగ్గర పట్టేయకుండా, పిల్లలకి కుట్టినట్టు కుట్టేది. గుడ్డ బయట కొన్నది కాదు, ఆయన తొడిగి తొడిగి వదిలేసిన చొక్కాలే. అందుకని ఆ ఇంట్లో మిక్సీ నీలం గళ్ల చొక్కా తొడుక్కుని ఉంటుంది. ముందు జేబు ఉంది, పైన కాలరు ఉంది, మధ్యలో బొత్తాలున్నాయి. టీవీ కింది డబ్బాది సన్నచారల చొక్కా. స్టెబిలైజరుది ఆయన ఉద్యోగంలో చేరిన రోజు వేసుకున్న తెల్లది. వైఫై పెట్టెది మాత్రం అన్నిటికంటే చివర కుట్టింది. అప్పటికి మిషను తొక్కే ఓపిక లేదు. మంచం మీద కూర్చుని చేత్తో కుట్టింది. మూడు పక్కలా సన్నటి కుట్లు, నాలుగో పక్క పొడుగు టాకాలు. ఆ టాకాలు విప్పి సరిగ్గా కుట్టేలోపే ఆవిడ వెళ్లిపోయింది.

లైబ్రేరియన్‌గారు జీవితమంతా పుస్తకాలకి అట్టలు వేసిన మనిషి. అట్ట విప్పి పుస్తకం చదివేవాణ్ణి ఆయన ఎక్కడా చూడలేదు. కాబట్టి కవరు విప్పి యంత్రాన్ని వాడాలన్న ఆలోచన ఆయన తలకెక్కలేదు. ఆవిడ పోయాక కొన్నాళ్లు తండ్రీకొడుకులే వంట చేసుకున్నారు. వంట అంటే కొడుకు చేయడం, తండ్రి పక్కన నిలబడి పర్యవేక్షించడం. ఆ రోజుల్లో మిక్సీ చొక్కా పై బొత్తాలు రెండు విప్పి, కాలరులోంచి జారు దూర్చి తిప్పేవాళ్లు. మిక్సీ ఆ అవమానం కొన్నాళ్లు భరించి, మోటారు కాలి చచ్చిపోయింది. తర్వాత టీవీ డబ్బా పోయింది. ఆ తర్వాత స్టెబిలైజరు. ఇంట్లో వస్తువులన్నీ ఒక్కొక్కటే ఆవిడ వెళ్లిన దారినే వెళ్లసాగాయి.

ప్రతిసారీ కొత్తది కొనడానికి ఆయన కొట్టుకి వెళ్లి అదే గొడవ. "నా భార్య ఉన్నన్నాళ్లూ ఇవే కవర్లు. ఇంట్లో ఒక్క వస్తువు వేడెక్కలేదు, ఒక్కటి కాలలేదు. ఇప్పుడు కాలుతున్నాయంటే తప్పెవరిది? కవర్లదా? మీ డిజైన్లది! గాలి ఎటు నుంచి రావాలో ఎటు పోవాలో తెలియనివాళ్లు గీసిన బొమ్మలివి!" కొట్టువాళ్ల దగ్గర ఈ మాటకి జవాబు ఉండేది కాదు. నిజానికి ఎవరి దగ్గరా లేదు. కొడుకుని అడిగితే వాడూ ఒప్పుకునేవాడు. "అవున్నాన్నా, అమ్మ ఎప్పుడూ కవర్లేసే ఉంచేది." ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబుతున్నప్పుడు కేసు కొట్టేయడం ఎవరి తరం?

అయినా స్టెబిలైజరు పోయిన రోజున కొడుక్కి సహనం నశించింది. "ఇంకొక్కటి కాలిందంటే ఈ కవర్లన్నీ మూటగట్టి ఎవరికైనా ఇచ్చేస్తాను నాన్నా. తర్వాత నన్ననొద్దు" అన్నాడు. ఆ పూట ఆయనకి అన్నం సయించలేదు. మనిషి పోయాక మిగిలేది ఆ చేతులు చేసిన పనే. దాన్ని కూడా మూటగడతానంటే భార్య రెండోసారి పోతున్నట్టే అనిపించింది ఆయనకి. ఆ దుఃఖాన్ని ఎవరికి చెప్పుకోవాలో తెలియక స్టెబిలైజరు శవాన్ని మంచం కింద పెట్టుకున్నాడు.

కోడలు మాత్రం ఈ గొడవల్లోకి వచ్చేది కాదు. ఆమె పెళ్లై ఈ ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తగారు గోడ మీద ఫోటోలో ఉంది. ఆవిడ పద్ధతులేమిటో ఆమెకి తెలియదు. ఉద్యోగానికి వైఫై ప్రాణం కాబట్టి, పొద్దున్నే ఆ పెట్టె కవరు తీసి మడతపెట్టి పక్కన ఉంచేది. ఆమె గదిలోకి వెళ్లగానే ఆయన లేచి తొడిగేవాడు. టీకి వచ్చినప్పుడు ఆమె మళ్లీ తీసేది. దీని మీద ఇద్దరూ ఇంతవరకూ ఒక్క మాట అనుకోలేదు. మావగారూ కోడలూ ఒకే ఇంట్లో సుఖంగా ఉండాలంటే అనుకోని మాటలు కొన్ని ఉండాలి.

ఆ రోజూ అదే జరిగింది. కోడలు గది తలుపు వేసుకుని, అద్దం ముందు నిలబడి తన ఉపన్యాసం వల్లె వేసుకుంటోంది. లైబ్రేరియన్‌గారు పేపరు మీంచి అలమార వైపు చూశాడు. వైఫై పెట్టె ఒంటి మీద నూలుపోగు లేకుండా ఉంది. అంతమంది పెద్దవాళ్ల ముందుకి వెళ్లే రోజున అలా ఉంటే ఏం మర్యాద అనుకున్నాడు. లేచి తొడిగి, టాకాల పక్క గోడ వైపుకి తిప్పి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

పేపర్లో రెండో పేజీ పూర్తయ్యేలోపు కమురు వాసన వచ్చింది. వెళ్లి చూస్తే పెట్టె మీది దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుంది. ఇంకొక్కటి అన్నాడు కొడుకు. ఆ ఒక్కటీ ఇదే.

మనిషికి జ్వరం వస్తే చల్లబరుస్తాం కదా అన్నది ఆ క్షణంలో ఆయనకి తోచిన శాస్త్రం. గోడలోంచి వచ్చే తీగా, ప్లగ్గు తీగా ఊడదీశాడు. వృత్తి ధర్మం ఎక్కడికి పోతుంది? ఏది ఎక్కడిదో తప్పిపోకుండా రెండు తీగలకీ, పెట్టెకీ నంబర్లు రాసిన చీటీలు అంటించాడు. పెట్టెని తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పాల పక్కన పెట్టి తలుపేశాడు. చల్లారితే మళ్లీ బతుకుతుంది. ఈలోగా కోడలికి అనుమానం రాకూడదు. మెట్లెక్కి పై వాటా తలుపు కొట్టాడు.

పై వాటా ఆవిడ ఆయన భార్యకి ప్రాణస్నేహితురాలు. వదినా వదినా అంటూ రోజంతా కిందే ఉండేది. ఆ వదిన పోయాక, ఆ ఇల్లు చూస్తే ఏడుపొస్తుందని గడప తొక్కడం మానేసింది. ఇన్నాళ్లకి ఆయనే తలుపు కొట్టేసరికి కంగారు పడింది.

"ఏంటన్నయ్యగారూ, ఒంట్లో బాగానే ఉందా?"

"నాకు బాగానే ఉందమ్మా. మీ వైఫై పెట్టె ఒక్క పూట ఇస్తావా?"

"మీకు లేదూ?"

"ఉంది. ఉంది గానీ... ఇప్పుడు నాకు లేదు."

"అదేంటి? ఎవరు తీసేశారు?"

అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. నిజం చెప్పే ధైర్యం లేదు. "ఆ సంగతి వదిలెయ్యి తల్లీ. మా కోడలికి మాత్రం తెలియనివ్వకు. తెలిసిందంటే ఇంట్లో మీ వదిన గుర్తు ఒక్కటి మిగలదు" అన్నాడు. అంటూ ఉండగా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంకేం కావాలి? ఆవిడ ఒక్క క్షణంలో మొత్తం అర్థం చేసుకుంది, అంతా తప్పుగా. మారు మాట్లాడకుండా పెట్టె ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది. దాని ప్లగ్గు ఇవ్వడం ఆవిడకి గుర్తు లేదు, అడగాలని ఈయనకి తెలియదు. ఆయన చివరి మెట్టు దిగేలోపే ఆవిడ ఫోన్ అందుకుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. "ఏం నాయనా, మీ నాన్నగారిని చూసుకునే తీరు ఇదేనా? ఇంట్లో ఇంటర్నెట్ కూడా వాడుకోనివ్వట్లేదట. మీ అమ్మ వస్తువులన్నీ బయట పారేస్తానంటోందట మీ ఆవిడ. పాపం, ఆ మనిషి నా ముందు కంటతడి పెట్టుకున్నాడు" అని ఆఫీసులో ఉన్న కొడుక్కి చెప్పేసింది.

కింద లైబ్రేరియన్‌గారు అరువు పెట్టెకి చీటీల ప్రకారం తీగలు తగిలించాడు. తమ ప్లగ్గే దానికి చక్కగా సరిపోయింది. దీపాలు వెలిగాయి. ఒకటి ఎర్రగా ఉంది గానీ, వెలగడమే ఆయనకి పదివేలు. ఇబ్బందల్లా ఒక్కటే, ఇది తెల్ల పెట్టె, తమది నల్లది. కోడలు చూసిందంటే దొరికిపోతాడు. కాబట్టి దానికీ కవరు తొడిగాడు. పెట్టె మారితే వైఫై పేరూ పాస్‌వర్డూ మారతాయన్న సంగతి పాపం ఆయనకి ఎవరూ చెప్పలేదు.

గదిలో కోడలు కంప్యూటరు తెరిచేసరికి తమ వైఫై పేరు మాయమై, పై వాటా వాళ్ల పేరు నిండుగా కనపడింది. అదే సమయానికి ఫోన్ మోగింది. భర్త.

"నాన్నని ఏమన్నావ్?"

"నేనా? ఏమన్నాను? హాయిగా కూర్చోమన్నాను."

"ఇంటర్నెట్ ఎందుకు తీసేశావ్ ఆయనకి?"

"ఇంటర్నెట్ నాకే లేదండీ! ఇంకో పావుగంటలో మీటింగు పెట్టుకుని..."

"పై వాటా పిన్నిగారి ముందు ఏడ్చారట. ఇంత జరుగుతుంటే నాకొక్క మాట చెప్పవా? వస్తున్నాను నేను" అని పెట్టేశాడు.

ఆమెకి ఏమీ అర్థం కాలేదు. అర్థం చేసుకునే వ్యవధి కూడా లేదు. వైఫై కంపెనీకి ఫోన్ చేసి కనెక్షను పోయిందని చెప్పింది. తర్వాత పై వాటాకి చేసింది. "పిన్నిగారూ, మా ఇంటర్నెట్ పోయింది. మీది బాగా వస్తోంది. ఒక్క గంట పాస్‌వర్డు ఇస్తారా?"

"ఇంట్లో పెద్దాయనకి లేకుండా చేసినదానివి, నీకు కావలసి వచ్చిందా అమ్మా?" అని ఫోన్ పెట్టేసిన చప్పుడు.

పిల్ల నిలువునా నీరైపోయింది. పెళ్లైనప్పటి నుంచి ఈ ఇంట్లో ఎవరినీ నొప్పించకూడదని ఆచి తూచి అడుగేస్తూ వచ్చింది. ఎక్కడ ఏం తప్పు చేసిందో తెలియకుండానే ఇద్దరికి చెడ్డదయింది. కళ్లు తుడుచుకుని ఫోన్‌లోని ఇంటర్నెట్టే కంప్యూటరుకి కలిపి మీటింగులో కూర్చుంది. కాకపోతే ఆ ఫోన్ కూడా ఒక సంచీలో ఉంది. అత్తగారు కుట్టినదే. పెళ్లైన కొత్తలో మావగారు తెచ్చి చేతిలో పెడితే, ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఎప్పుడూ అందులోనే ఉంచుతుంది. ఆమె మొదటి నాలుగు మాటలు బాగానే చెప్పింది. ఐదోదాని మధ్యలో ఫోన్ వేడెక్కి దానంతటదే ఆరిపోయింది. తెర మీది పెద్దవాళ్లందరూ నోళ్లు తెరుచుకుని ఉన్నవాళ్లు ఉన్నట్టే బిగుసుకుపోయారు.

ఆమె గదిలోంచి బయటికి వచ్చేసరికి వైఫై కంపెనీ మెకానిక్కు గుమ్మంలో ఉంది. నడివయసు ఆడమనిషి, భుజాన సంచీ. కంపెనీవాళ్లు పిలిచిన రోజునే రావడం ఆ చుట్టుపక్కల అదే మొదలు. లైబ్రేరియన్‌గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పెట్టె ఏదమ్మా?" అని మెకానిక్కు అలమార దగ్గరికి వెళ్లి, కవరు ఎత్తింది. లోపలి నుంచి సన్నగా పొగ లేచింది. "అయ్యో, ఇది కాలిపోయిందిగా! అసలిది మీ పెట్టె కాదే. మీకిచ్చింది నల్లది కదా, అదేదీ?"

కోడలు మావగారి వైపు చూసింది. మావగారు పైకప్పు వైపు చూశాడు.

"కాసిని మంచినీళ్లు ఇప్పించండమ్మా" అంది మెకానిక్కు.

"నేను తెస్తాను, నేను తెస్తాను!" అంటూ లైబ్రేరియన్‌గారు ఒక్క ఉదుటున లేచాడు. పెళ్లైన నాటి నుంచి ఇంటికొచ్చినవాళ్లకి ఒక్క గ్లాసు నీళ్లు అందించి ఎరగని మనిషి అలా లేవడంతో కోడలికి అనుమానం రూఢి అయింది. "మీరు కూర్చోండి మావయ్యగారూ" అని తనే వెళ్లి ఫ్రిజ్ తెరిచింది. పాల పక్కన నల్ల పెట్టె, ఒళ్లంతా చెమటలు పట్టినట్టు నీటిచుక్కలతో, నుదుటి మీద నంబరు చీటీతో చల్లగా కూర్చుని ఉంది.

ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టింది. కోప్పడలేదు. అది ఆయనకి మరీ కష్టంగా అనిపించింది.

మెకానిక్కు పెట్టెని అటూ ఇటూ తిప్పి నిట్టూర్చింది. "ఇది కవరు లేకపోయినా వేడెక్కేదే సార్. దీన్ని నిలబెట్టి వాడాలట, నిలబడే కాళ్లు పెట్టలేదు. పడుకోబెడితే గాలి చిల్లులన్నీ కిందకి పోతాయి. ఆ తెల్లదానికేమో మీ ప్లగ్గు తగిలించారు. రెండింటికీ కన్నం ఒకటే సైజు పెట్టారు గానీ కరెంటు వేరు. మేం రోజూ మొత్తుకుంటాం. గీసేవాళ్లు ఎక్కడో కూర్చుని గీస్తారు, వాళ్ల ఇళ్లల్లో ఇవి పెట్టుకోరనుకుంటా."

లైబ్రేరియన్‌గారికి పోయిన ప్రాణం లేచివచ్చింది. "విన్నావామ్మా? డిజైన్ తప్పు! ఏడాదిగా నేను నెత్తీనోరూ కొట్టుకుని చెబుతున్నది అదే!"

ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు. కొడుకు రొప్పుతూ లోపలికి వచ్చాడు. వాడి వెనకే, కింద ఏదో గోలగా ఉందని పై వాటా ఆవిడా దిగి వచ్చింది. ఎవరు ఎవరిని ఏమన్నారో, ఎవరు ఏమనుకున్నారో తేలడానికి కాస్త సమయం పట్టింది. తేలాక అందరూ కోడలి వైపు చూశారు. ఆమె నేల వైపు చూస్తోంది. ఆ మీటింగు సగంలో ఆగిపోయిందని తెలిసి కొడుకు ముఖం ఎర్రబడింది.

"నాన్నా, నేను చెప్పానా లేదా? ఒకటి కాదు, రెండు పెట్టెలు కాల్చారు. దీని ఉద్యోగం మీదికి తెచ్చారు" అంటూ వైఫై కవరు తీసి సోఫాలో పడేశాడు. టీవీ డబ్బాది తీశాడు. స్టెబిలైజరుది తీశాడు. వంటింట్లోకి వెళ్లి మిక్సీ చొక్కా లాగబోయాడు. లైబ్రేరియన్‌గారు వెళ్లి మిక్సీకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒరేయ్, దీన్ని ముట్టుకోకు." రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "మీ అమ్మ ఉన్నప్పుడు ఏ ఒక్కటైనా కాలిందా? చెప్పు. ఇవే కవర్లు కదా? ఆవిడ ఎలా ఉంచిందో నేనూ అలాగే ఉంచాను. ఒక్కటీ మార్చలేదు. ఒక్క గుండీ ఊడనివ్వలేదు. నాకు తెలిసింది ఇదొక్కటేరా."

కొడుకు చెయ్యి ఆగిపోయింది. "అమ్మ ఎప్పుడూ కవర్లేసే ఉంచేది. అది నిజమే" అన్నాడు మెల్లగా.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ పై వాటా ఆవిడ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "ఎప్పుడూనా?" అంది. "అన్నయ్యగారూ, అంటే మీరు... ఈ ఏడాదంతా కవర్లు తీయకుండానే వాడుతున్నారా?"

"తీయడమేంటి? మీ వదిన తీసేదా?"

ఆవిడ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపయింది. "రోజూ తీసేదండీ! మీరు లైబ్రరీకి, బాబు మొదట్లో కాలేజీకి, తర్వాత ఆఫీసుకి వెళ్లగానే మొదటి పని అదే. అన్నీ తీసి, మడతలు పెట్టి, మంచం మీద వరసగా పేర్చేది. సాయంత్రం మీరొచ్చే వేళకి పనంతా ముగించి, ప్లగ్గులన్నీ పీకి మళ్లీ తొడిగేది. మీకోసం టీవీ వరకూ డబ్బాది తీసి ఉంచేది, వార్తలయ్యాక వేసేది. వైఫైది రాత్రి ఆపేశాకే తొడిగేది, దానికీ నిద్ర కావాలి కదే అనేది. ఆ రెండూ బోసిగా ఉన్నా మీ కళ్లు టీవీ తెర మీదే ఉండేవి. ఆఖర్న లేవలేనప్పుడు నాతో తీయించేది, మీరొచ్చేలోపు నాతోనే వేయించేది. రోజంతా పుస్తకాలు వరసలో సర్ది వచ్చే మనిషి, ఇంటికొస్తే ఇల్లూ అలాగే కనపడాలి అనేది. మీరు చూసినవి చొక్కాలు కావన్నయ్యగారూ. దుప్పట్లు. పని చేసి అలిసిపోయాక కప్పేవి."

తండ్రీకొడుకులు ఒకరినొకరు చూసుకోలేకపోయారు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఆ ఇద్దరు సాక్షులూ చూసింది పని అయిపోయిన తర్వాతి ఇంటిని మాత్రమే. పని జరుగుతున్నప్పటి ఇంటినీ, అందులో చేతులకి పని నిండా ఉన్న మనిషినీ ఏ ఒక్కరూ చూడలేదు. లైబ్రేరియన్‌గారు వంటింట్లో ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ పోయినప్పుడు కూడా ఆయన ఇంతగా ఏడవలేదు. అప్పుడు ఆవిడ తనకి తెలిసిన మనిషని ధైర్యంగా ఉండేది.

కోడలే ముందుగా మాట్లాడింది. "అయితే అత్తయ్యగారు కూడా పొద్దున్నే తీసేవారన్నమాట" అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

ఆయన తలెత్తి ఆమె వైపు చూశాడు. "అవునమ్మా. నువ్వు తీసేదానివి. నేనే తొడిగాను" అన్నాడు. "నీ పని చెడగొట్టాను. నన్ను క్షమించు."

"అలా అనకండి మావయ్యగారూ." ఆమె సోఫాలో పడివున్న కవర్లు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. కొడుకు మిక్సీ చొక్కా కాలరు సరిచేసి పక్కకి తప్పుకున్నాడు. కవర్లు మూటగట్టే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇక నుంచి పొద్దున్నే తీయడం, పని ముగిశాక వేయడం తన ఉద్యోగమని లైబ్రేరియన్‌గారే చెప్పాడు. ఆ ఉద్యోగానికి ఇంకెవరూ పోటీ పడలేదు. మెకానిక్కు, తను వచ్చింది వైఫై బాగుచేయడానికో ఇంకెందుకో మరిచిపోయి, కళ్లు తుడుచుకుంటూ కొత్త పెట్టె తేవడానికి వెళ్లింది.

ఆఫీసు పెద్దవాళ్లు దయతలిచి మీటింగు మధ్యాహ్నానికి మార్చారు. ఈసారి కోడలు భర్త ఫోన్‌తో, ఏ సంచీ లేకుండా, మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. ఆలోచించి చెబుతామన్నారు. అలిసిపోయి గదిలోనే కాస్త నడుం వాల్చింది. మీటింగు ముగిసిందని తలుపు దగ్గర చెవి పెట్టి రూఢి చేసుకున్నాక, లైబ్రేరియన్‌గారు చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్లాడు. పొద్దున్నుంచి ఆ పిల్ల ఏమీ తినలేదు. ఏదైనా చేసిపెట్టాలనిపించింది. ఇంట్లో టమాటాలున్నాయి. వాటిని కోసి జారులో వేశాడు.

మిక్సీ చొక్కా బొత్తాలన్నీ ఒక్కొక్కటే విప్పి తీశాడు. మడతపెట్టబోతే ఆ గుడ్డ తనంతట తనే ముడుచుకుంది. సగానికి ఒక గీత, మళ్లీ సగానికి ఇంకో గీత. రోజూ ఒకే చోట మడిచీ మడిచీ పడ్డ గీతలు. ఏడాదిగా ఆయన ఆ చొక్కాని దులిపాడు, బొత్తాలు చూసుకున్నాడు, ఆ గీతలు మాత్రం ఎప్పుడూ చూడలేదు. వాటిని వేలితో తడిమాడు. ఆవిడ చేతులు ఎలా కదిలేవో మొట్టమొదటిసారి ఆయనకి తెలిసింది. "నాకు చెప్పొచ్చు కదే" అన్నాడు పైకే. తను అడిగి ఉంటే చెప్పేదని ఆయనకి తెలుసు.

మడిచిన చొక్కాని గుండెలకి హత్తుకుని, తన జీవితంలో మొదటిసారి మిక్సీ స్విచ్చి మీద చెయ్యి వేశాడు. వాడేముందు అన్నీ తీయాలని ఆ పూటే నేర్చుకున్న మనిషి. కవరుతోపాటు జారు మూత కూడా తీసి, భద్రంగా పక్కన పెట్టి, నొక్కాడు.

కోడలు పరుగెత్తుకొచ్చేసరికి గోడ మీద, ఆయన తల మీద, కళ్లద్దాల మీద, ఒంటి మీద టమాటా కారుతోంది. చెయ్యి అడ్డం పెట్టి గుండెల దగ్గర దాచుకున్న చొక్కా మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు. ఆవిడ ఇంట్లో అన్నిటికీ కవర్లు కుట్టింది గానీ, గోడకి కుట్టలేదు.